పాలపన్ను మీద గీత

ఆ ల్యాబ్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన ఆసిడ్ బాబాయే. ఆ పేరు వినగానే ఎవరో మీసాలు మెలేసే రౌడీ అనుకునేరు. అబ్బే, చీమ కనబడితే పక్కకు తప్పుకుని నడిచే మనిషి. ఆయన పనల్లా కరిగించడం. చెరువు అడుగు బురద, ఫ్యాక్టరీ గొట్టం మీద పేరుకున్న మసి, చేప కాలేయం, రోడ్డు పక్క ఆకులు, ఏది తెచ్చిచ్చినా సరే, బీకర్లో వేసి ఆసిడ్ పోసి వేడి పలక మీద పెడతాడు. అద్దాల గూట్లో గోధుమరంగు పొగలు లేచి, తగ్గి, ఆగిపోయేదాకా అక్కడే నిలబడతాడు. చివరికి తేటనీళ్ళలాంటి ద్రవం చేతికిస్తాడు. లోహాలు కొలిచే మిషన్ దాన్ని తాగి, అందులో సీసం ఎంత, రాగి ఎంత, పాదరసం ఎంత అని చెబుతుంది.

“ముందు కరిగించడం ఎందుకు బాబాయ్?” అని కొత్తగా చేరినవాళ్ళు అడిగితే ఆయన దగ్గర జవాబు తయారుగా ఉండేది. “మిషన్‌కు నమలడం రాదు నాయనా, తాగడమే వచ్చు.”

“మా అత్తగారి మనసు కరిగించి పెడతావా?” అని ఇంకెవరో వేళాకోళం ఆడేవారు.

“దానికి ఆసిడ్ ఇంకా కనిపెట్టలేదురా” అనేవాడు.

ఆయన చేరిన కొత్తలో ఉన్నది మంట మిషన్. ద్రవాన్ని తుంపరగా చేసి మంటలోకి ఊదితే, అందులోని లోహం పరమాణువులుగా విడిపోయి, ఎదురుగా వెలిగే దీపం కాంతిలో తన వాటా తను మింగేది. ఎంత కాంతి తగ్గితే అంత లోహం ఉన్నట్టు లెక్క. సీసానికో దీపం, రాగికో దీపం. గిన్నెడు ద్రవం కావాలి, అయినా కొంచెంలో కొంచెం ఉంటే దాని కంటికి ఆనేది కాదు. తర్వాత బొగ్గు గొట్టం మిషన్ వచ్చి చుక్క చాలంది. ఆ తర్వాత ప్లాస్మా మిషన్ వచ్చింది. సూర్యుడి ఉపరితలం కన్నా వేడిగా మండే వాయువులోకి ద్రవాన్ని పంపితే, ఆ లోహాలన్నిటినీ ఒకే గుక్కలో తూకం వేసేస్తుంది. పెద్ద చెరువులో చిటికెడు సీసం కలిసినా పసిగట్టేస్తుంది. ఇన్ని మిషన్లు మారినా కరిగించడం మాత్రం తప్పలేదు, కాబట్టి బాబాయ్ కుర్చీ కదల్లేదు.

చివరికి ఆ ప్లాస్మా మిషన్ పక్కనే లేజర్ పెట్టె ఒకటి వచ్చి చేరింది. దీనికి కరిగించే పనే లేదట. ముక్కను లోపల పెట్టి మూత వేస్తే, వెంట్రుక కన్నా సన్నని వెలుగు దాని మీద గీత గీస్తుందట. ఆ గీత నుంచి లేచిన కంటికి కనబడని పొడిని గాలి మోసుకుపోయి మిషన్‌కు అందిస్తుందట. మిగతా ముక్క మిగిలే ఉంటుందట. “ఇంకేం బాబాయ్, నీ ఆసిడ్ కాస్తా నీళ్ళపాలు” అని అందరూ ఆటపట్టించారు. ఆయన నవ్వలేదు. ఆ పెట్టె వైపే చూస్తూ నిలబడ్డాడు. పని పోతుందని బెంగ పెట్టుకున్నాడనుకున్నారు పాపం, ఆ పెట్టె ఆయనకు ఏమిటో వాళ్ళకేం తెలుసు!

అదేమిటో తెలియాలంటే ఆయన కూతురి సంగతి చెప్పాలి. చెప్పడానికి నోరు రాదు. కానీ చెప్పకుండా ఆయన కథ లేదు.

ఆ పిల్ల పుట్టడమే గుప్పెడంత పుట్టింది. చూడగానే ఎవరో “ఇదేంటి, బుడంకాయలా ఉంది!” అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆ ఈడు పిల్లలు పరుగులు పెడుతుంటే బుడంకాయ ఇంకా గోడ పట్టుకుని నడిచేది. మాటలూ ఆలస్యంగానే వచ్చాయి. అక్షరాలు నిన్న నేర్చుకున్నవి ఇవాళ ఉండేవి కావు. కానీ నాన్న అడుగుల చప్పుడు మాత్రం వీధి మలుపులోనే పట్టేసేది. పడుతూ లేస్తూ గేటు దాకా వచ్చి, ఆయన తెల్లకోటులో మొహం దూర్చి, “నాన్న కంపు!” అని పకపకా నవ్వేది.

అవును, ఆయన కోటు వేసుకునే ఇంటికి వచ్చేవాడు. కుర్రతనం. తెల్లకోటు చూసి వీధిలో కొందరు డాక్టరనుకునేవాళ్ళు. ఈయన కూడా, కాదండీ, నేను బురద కరిగించేవాణ్ణి అని పనిగట్టుకుని చెప్పలేదు. బుడంకాయ పుట్టిన నెలలోనే ల్యాబ్‌కు పెద్ద పని వచ్చిపడింది. ఊరి చివర సీసం ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న మట్టిని పరీక్షించాలి. మట్టి ఎండబెట్టాలి, నూరాలి, జల్లెడ పట్టాలి, ఆ తర్వాతే ఆసిడ్. అంతా ఈయన చేతి మీదే. సాయంత్రానికి కోటు భుజాలూ చేతులూ బూడిదరంగుకు తిరిగేవి. దులుపుకుని ఇంటికి వచ్చేసేవాడు. భార్య ఆ కోటును పిల్ల బట్టలతో కలిపి ఒకే టబ్బులో నానబెట్టేది.

తర్వాత పిల్లకు మూర్ఛలు మొదలయ్యాయి. మందులు వాడారు. ఒక నెల బాగుండేది, ఒక నెల ఉండేది కాదు. ఎనిమిదో ఏట ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ పక్కింట్లో కుట్టిన జాకెట్టు ఇచ్చి రావడానికి వెళ్ళి, గుమ్మంలో మాటల్లో పడింది. తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. పిల్ల నేల మీద, పడిపోయిన స్టూలు పక్కన.

ఆ తల్లి కడుపుకోత చెప్పతరం కాదు. ఏడ్చి ఊరుకుంటే వేరు. ఆవిడ ఏడవలేదు. “నేను గుమ్మం దాటకుండా ఉంటే...” అన్న ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. అన్నం పెడితే తినదు, పలకరిస్తే పలకదు, కుట్టుమిషన్ మీద దుమ్ము పేరుకుపోయింది. రోజూ పొద్దునా సాయంత్రమూ ఆమె ఎదురుగా కూర్చుని, “నీ తప్పేం లేదే. నువ్వు పక్కన ఉన్నా ఏమీ చేయలేకపోయేవాళ్ళం. డాక్టరు కూడా అదే అన్నాడు” అని చెప్పడమే ఆయన పనైంది. చెప్పిందే చెప్పి, చెప్పిందే చెప్పి, చాలా కాలానికి ఆవిణ్ణి మళ్ళీ మిషన్ ముందు కూర్చోబెట్టగలిగాడు. మనిషి తేరుకుంది గానీ నవ్వు తిరిగి రాలేదు. ఇంకో బిడ్డ వద్దంది. ఆయనా సరేనన్నాడు.

ఆవిడ దాచుకున్నదల్లా తలనొప్పి మందు డబ్బా ఒకటి. అందులో దూది, దూదిలో బుడంకాయ ఊడిన పాలపళ్ళు మూడు.

చాలా ఏళ్ళ తర్వాత ల్యాబ్‌లో జాగ్రత్తల మీద క్లాసు పెట్టారు. కోట్లు ఇంటికి తీసుకెళ్ళకూడదని కొత్త నిబంధన. “సీసం దుమ్ము బట్టల మీద ఇంటికి వెళుతుంది. పెద్దవాళ్ళకు పెద్దగా తెలియదు. పిల్లలకైతే బుర్ర ఎదగదు, మరీ ఎక్కువైతే మూర్ఛలు వస్తాయి” అని చెప్పుకుపోయాడు వచ్చినాయన. అందరూ టీ తాగుతూ తలూపారు. ఆసిడ్ బాబాయ్ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. పిల్ల మొహం దూర్చింది ఎక్కడ? ఆ కోటులోనే కదా!

ఆ రోజు నుంచి ఆయన తెల్లబట్ట ఒంటి మీద వేయలేదు. భార్యకు ఒక్క ముక్క చెప్పలేదు. నా బిడ్డను నేనే చంపుకున్నానా? ఆయనకు తెలియాల్సింది అదొక్కటే. తెలుసుకునే దారీ కళ్ళెదురుగానే ఉంది. పన్నులో సీసం ఉంటే మిషన్ చెబుతుంది. కానీ మిషన్ తాగాలంటే పన్ను కరగాలి, కరిగించాల్సింది తను. లోకంలో బుడంకాయది అంటూ మిగిలిన దాన్ని తన చేత్తో ఆసిడ్‌లో వేసి, పొగలు పోయేదాకా కాపలా కాయాలి. ఒకసారి భార్య లేనప్పుడు ఆ డబ్బా తీసి మూత తెరిచాడు కూడా. మూసి మళ్ళీ పెట్టేశాడు. ఇన్నేళ్ళూ ఆ ముల్లు గుండెలో అలాగే ఉంది.

ఇప్పుడు అర్థమైంది కదా, కరిగించక్కర్లేని మిషన్ వచ్చిందంటే ఆయన ఎందుకలా నిలబడిపోయాడో.

లేజర్ మిషన్ చూసే మేడమ్ చిన్నపిల్ల, ముప్ఫై దాటి ఉండవు. బడిపిల్లల ఊడిన పళ్ళు సేకరించి పరీక్షించడమే ఆమె పని. ఒక రోజు బాబాయ్ టీ పట్టుకొచ్చి, ఇవ్వడం మర్చిపోయి, ఆమె వెనకాల నిలబడ్డాడు.

“కూర్చోండి బాబాయ్, చూద్దురుగాని” అందామె. “పన్ను పొరలు పొరలుగా పెరుగుతుంది. ఆ పొర పెరిగేటప్పుడు ఒంట్లో ఏముంటే అది అందులో చిక్కుకుపోతుంది. ఇదిగో, ఈ గీత చూశారా? ఇది ప్రతి పాలపన్ను మీదా ఉంటుంది. బిడ్డ పుట్టిన రోజు పడే గీత.”

“పుట్టిన రోజా?”

“ఊఁ. అంతదాకా అమ్మ కడుపులో హాయిగా ఉండి ఒక్కసారిగా బయట పడతారుగా, ఆ కుదుపు పంటి మీద రాసి ఉంటుంది. గీతకు ఇటుది కడుపులో ఉన్నప్పటిది, అటుది బయటికొచ్చాకది. సీసం ఎప్పుడు వచ్చిందో పన్నే చెబుతుంది.”

బాబాయ్ చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టాడు. “పన్ను పాతదైతే?” అని అడిగాడు.

“ఎంత పాతదైనా పర్లేదు. ఎవరిది బాబాయ్?”

“తెలిసినవాళ్ళ పాపది. ఇప్పుడు లేదు.”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. “పన్నును నిలువునా రెండుగా కోయాలి. గీత తప్ప ఇంకేమీ పోదు, రెండు ముక్కలూ తిరిగిచ్చేస్తాను. ఆ మాట మాత్రం వాళ్ళకు ముందే చెప్పండి” అంది.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఎవరిదో చొక్కాకు కాలర్ కుడుతోంది. ఈయన గుమ్మంలో చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పాడు.

“ఏంటండీ, వచ్చారా, వెళుతున్నారా?”

“ఆ డబ్బాలోంచి ఒక పన్ను కావాలే.”

మిషన్ ఆగిపోయింది. “ఎందుకు?”

“ల్యాబ్‌కు...” అనబోయాడు ఈయన. ఆవిడ లేచి నిలబడింది. “లోకంలో ఉన్నవన్నీ కరిగించారు. అదొక్కటే మిగిలిందని దాన్నీ కరిగిస్తారా? నా ప్రాణం పోయినా ఇవ్వను!”

“కరిగించనక్కర్లేదు. కొత్త మిషన్. గీత గీస్తుందంతే.” ఆ తర్వాత ఇక దాచలేకపోయాడు. కోటు సంగతి, మట్టి సంగతి, క్లాసులో విన్న మాట, అన్నీ చెప్పేశాడు. చెబుతూ చెబుతూ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఇంతకాలం ఎలా మోశాడో ఆయనకే తెలియదు, బయటికి వచ్చేసరికి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

తిడుతుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. కుట్టుమిషన్ చక్రం మీద చెయ్యి పెట్టింది. తర్వాత ఎంతో మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా అడిగింది.

“అయితే... నేను గుమ్మం దాటినందుకు కాదా?”

ఆయన తలెత్తి చూశాడు. ఆ ముల్లు ఎప్పుడో ఊడిపోయిందనుకున్నాడు. పైన చర్మం మూసుకుపోయిందంతే, లోపల అలాగే ఉంది.

“కాదని ఎన్నిసార్లు చెప్పానే నీకు?”

“మీరు చెబుతారు. మీరు ఎప్పుడూ చెబుతారు.” ఆవిడ లోపలికెళ్ళి డబ్బా తెచ్చింది. మూడు పళ్ళనూ అరచేతిలో పోసుకుని చాలాసేపు ఎంచింది. “ముందుది వద్దు, మొదటిసారి ఊడింది. ఇది తీసుకోండి. ఇది ఊడినప్పుడు బాగా ఏడ్చింది” అని ఒకటి తీసి, చిన్న గుడ్డముక్కలో చుట్టి, విడిపోకుండా నాలుగు కుట్లు కూడా వేసి ఇచ్చింది.

మేడమ్ ఆ కుట్లు విప్పుతుంటే బాబాయ్ పక్కకు తిరిగి నిలబడ్డాడు. పన్నును జిగురులాంటి ద్రవంలో పోత పోసి గట్టిపడనిచ్చి, రంపంతో నిలువునా కోసి, అద్దంలా నున్నగా రుద్దింది. ఆ పనికి చాలా రోజులే పట్టాయి. లేజర్ పెట్టే రోజున రమ్మని కబురు చేసింది. పెట్టెలో టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. కంప్యూటర్ తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి నడవడం మొదలుపెట్టింది. ఎడమ వైపున నిటారుగా పైకి లేచింది. అలాగే కొంతదూరం పోయి, ఒకచోట జారింది. జారి జారి కిందికి వచ్చి, ఆ తర్వాత చివరి దాకా నేల మీదే పాకింది.

గ్రాఫులు చదవడం బాబాయ్‌కు కొత్తేం కాదు. అయినా మేడమ్ నోటి నుంచే వినాలని నిలబడ్డాడు.

“ఇది పుట్టినరోజు గీత బాబాయ్” అని ఆమె తెర మీద వేలు పెట్టింది, సరిగ్గా జారిన చోట. “సీసం చాలా ఎక్కువే ఉంది. కానీ అంతా కడుపులో ఉన్నప్పుడు వచ్చిందే. పుట్టాక తగ్గిపోయింది. పన్ను లోపలి అంచు ఊడేదాకా రక్తంతో తడుస్తూనే ఉంటుంది కదా, అక్కడా చూశాను. తక్కువే.”

“సీసం ఫ్యాక్టరీ మట్టి...”

“అది కాదు. సీసం అంతా ఒకటి కాదు, ఏ గని సీసం ఆ గనిదే, పరమాణువుల బరువుల్లో తేడా ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ మట్టి లెక్కలు మన దగ్గర ఉన్నాయి. దీనికీ దానికీ పోలికే లేదు.” ఆమె కుర్చీ ఇటు తిప్పింది. “ఆ పాప వాళ్ళమ్మ చిన్నప్పుడు ఎక్కడ పెరిగిందో మీకు తెలుసా?”

తెలుసు. తెలియకపోవడమేమిటి! ఆవిడ తండ్రి పాత బ్యాటరీలు బాగుచేసేవాడు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో సీసం కరిగించే మూకుడు. “బ్యాటరీ షాపులో” అన్నాడు.

“అంతే అయ్యుంటుంది. ఒంట్లోకి వచ్చిన సీసాన్ని ఎముకలు దాచుకుంటాయి బాబాయ్. పాతికేళ్ళైనా దాచుకుంటాయి. ఆడపిల్ల కడుపుతో ఉన్నప్పుడు, లోపలి బిడ్డకు ఎముకలు కట్టడానికి ఈమె ఎముకలు కొంత కరుగుతాయి. అప్పుడు దాచిందంతా బిడ్డకు పోతుంది. ఆమెకు పాపం ఏమీ తెలియదు.”

“పాప పోయింది దానివల్లేనా?”

“అది పన్ను చెప్పదు. ఎప్పుడు వచ్చిందో చెబుతుంది, ఏం చేసిందో చెప్పదు. మూర్ఛలకు ఎన్నో కారణాలు ఉంటాయి. నేను తెలియదనే అంటాను.”

నిజం చెప్పాలంటే బాబాయ్‌కు ముందు కలిగింది సంతోషం. నేను కాదు! నా కోటు కాదు! ఛాతీ మీది బండరాయి ఎవరో ఎత్తేసినట్టు ఊపిరి ఆడింది. వరండాలోకి వచ్చి కుళాయి తిప్పి మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. అద్దంలో తన మొహం నవ్వుతూ కనబడింది. ఆ నవ్వు చూసేసరికి ఎవరి మీద నుంచి ఎవరి మీదికి బరువు మారిందో తెలిసొచ్చింది. ఛీ, నా బతుకు చెడ, ఇందుకా నేను నవ్వుతున్నది! అని కుళాయి పట్టుకుని అలాగే ఒంగి ఉండిపోయాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాడు. ఉన్నదున్నట్టు చెప్పడమా? “నీ తప్పు కాదే, నీ ఎముకలు” అనాలి. ఆ మాట ఎంత మెత్తగా చెప్పినా ఆవిడకు వినబడేది ఒక్కటే, నా వల్లే అని. ఆవిడ మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంటే, ఈసారి లేపే ఓపిక తనకు లేదు. పోనీ, సీసమే లేదు, పన్ను శుభ్రంగా ఉందంటే? అప్పుడు తప్పు మోయడానికి ఇంకెవరూ మిగలరు. మళ్ళీ ఆ గుమ్మమే, ఆ పక్కిల్లే. పైగా వాళ్ళ నాన్న సంగతి ఒకటుంది. పెళ్ళైన కొత్తలో ఆవిడ నవ్వుతూ చెప్పుకునే కబుర్లన్నీ ఆ షాపువే, ఆ నాన్నవే. పిల్ల పోయాక ఆ కబుర్లూ ఆగిపోయాయి. ఆవిడకు బిడ్డ ఎలాగూ లేదు, ఇప్పుడు తండ్రిని కూడా లాక్కోవాలా? దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు.

ఆవిడ కుట్టుమిషన్ ముందు ఉంది. కుట్టడం లేదు.

“ఏమన్నారు?”

“కోటే” అన్నాడు.

“నిజంగానా?”

“నిజంగా. మిషన్ అబద్ధం చెప్పదు కదా.”

గుడ్డముక్క ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ విప్పి రెండు ముక్కలనూ వెలుగులోకి తిప్పి చూసింది. గీత వెతికింది, వేలితో తడిమింది, దొరకలేదు. రెంటినీ కలిపి పట్టుకుంటే మళ్ళీ ఒక్క పన్ను అయింది. అప్పుడు ఏడ్చింది ఆ తల్లి. పిల్ల పోయిన రోజున ఏడవనిది, ఆ తర్వాత ఏ రోజూ ఏడవనిది, అంతా కలిపి ఏడ్చింది. ఆయన పక్కన నిలబడ్డాడు గానీ చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని అంది. “నాకు తేలిగ్గా ఉందండీ. ఛీ, ఏం మనిషినండీ నేను! మీరలా దోషిలా నిలబడి ఉంటే నాకు తేలిగ్గా ఉంది.”

ఆ ఛీ ఏమిటో ఆయనకు తెలుసు. అదే రోజు మధ్యాహ్నం తనూ అనుకున్నాడు. “ఉండనీ” అన్నాడు.

“మీ మీద కోపం రావట్లేదు. రేపు వస్తుందేమో. వస్తే తిట్టనా?”

“తిట్టు.”

వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది! గిన్నెలు కడుగుతూ కడుగుతూ ఆగిపోయి, “ఎందుకేసుకొచ్చారండీ ఆ కోటు? డాక్టరు గారనుకోవాలనా?” అని అడిగేది. ఈయన తలొంచుకుని వినేవాడు. విషయం ఆమె తమ్ముడికి తెలిసి, అతను ఇంటికి రావడం మానేశాడు. వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. కొన్నాళ్ళు ఆవిడ ఈయనకు కంచం పెట్టి, ఎదురుగా కూర్చోకుండా వెళ్ళిపోయేది. ఇది మాత్రం ఆయన ఊహించలేదు. ఒంటరిగా తింటుంటే ముద్ద దిగేది కాదు. చెప్పేద్దామని నోటి దాకా వచ్చేది. అప్పుడే లోపలి గదిలోంచి కుట్టుమిషన్ చప్పుడు వినబడేది, మునుపటిలా ఆగి ఆగి కాదు, గబగబా, పని మీద మనసున్న మనిషి కుట్టినట్టు. ఆ చప్పుడు వింటూ మిగతా ముద్దలు మింగేవాడు. పక్కింటికి వెళ్ళడం కూడా ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కని మనిషి.

చలికాలం పోయి ఎండలు వచ్చాక ఒక సాయంత్రం ఈయన తింటుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. పిల్లల గౌనుకు గుండీలు కుడుతోంది. ఉన్నట్టుండి తనలో తను నవ్వుకుంది.

“ఏంటే?”

“మా నాన్న గుర్తొచ్చాడండీ. మిగిలిన సీసం కరిగించి, తడిమట్టిలో గుంట చేసి, నాకు బాతుపిల్లలు పోసిచ్చేవాడు. మీకు చెప్పాను కదూ?”

“ఎప్పుడో చెప్పావు. మర్చిపోయాను.”

“పూర్తిగా చల్లారనిచ్చేదాన్ని కాదు. ఆ మూకుడు పక్కనే గొంతుక్కూర్చుని, ఊదుకుంటూ ఊదుకుంటూ... చేతికొస్తే ఇంక వదిలేదాన్ని కాదు. నోట్లో పెట్టుకుని తిరిగేదాన్ని. కాస్త తియ్యగా కూడా ఉండేది తెలుసా!” ఆవిడ దారం కొరికి తెంపింది. “అదీ సీసమే కదండీ. అందులోనే పుట్టి పెరిగాను, నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను. మన బుడంకాయ పాపం లేతది, తట్టుకోలేకపోయింది.”

ఆయన చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ మొహం నిండా నవ్వు, పెళ్ళైన కొత్తలో చూసిన నవ్వు.

“ఊఁ” అన్నాడు ఆసిడ్ బాబాయ్. “బాతుపిల్ల ఒకటేనా, ఇంకేమైనా పోసిచ్చేవాడా?”

“అయ్యో, ఎన్నని!” అని ఆవిడ సూది పక్కన పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.